వర్చువల్ డిస్కు పుట్టుపూర్వోత్తరాలు

రామచంద్రాపురం మండలంలోని వెలిమెల నుంచి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు రెండు దారులు పడతారు. కొందరు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు పోతే, ఇంకొందరు ఔటర్ రింగు రోడ్డెక్కి గచ్చిబౌలి ఐటీ ఆఫీసులకు పోతారు. ఈ రెండు రకాల కొలువులూ కలిసే చోటు మందుల ఫ్యాక్టరీలోని సర్వర్ గది. క్యూసీ ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఒక బ్యాచ్‌ను పరీక్షించి గీసే ప్రతి గ్రాఫూ, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే ఆడిట్ ట్రయలూ అక్కడికే చేరతాయి. ఆ సర్వర్ ఇప్పుడు చాలాచోట్ల విడి యంత్రంగా లేదు. ఒక పెద్ద హోస్టు మీద నడిచే అనేక వర్చువల్ మెషీన్లలో అదొకటి. దాని డిస్కు కూడా ఒక ఫైలే. ఆ ఫైలు చెడితే బ్యాచ్‌కు సాక్ష్యం పోయినట్టే.

డిస్కు ఫైలుగా మారడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథ పొడవునా ఒకే తీరు కనిపిస్తుంది. నిల్వను సులువు చేసే ఏర్పాటు ముందు వచ్చింది, దాన్ని కాపాడే ఏర్పాటు ఎప్పుడూ వెనకబడింది. డేటా పోయిందంతా ఆ రెండింటి మధ్య ఎడంలోనే.

మొదటి హార్డ్ డిస్కును 1956 సెప్టెంబరులో ఐబీఎం ప్రకటించింది. రామాక్ 305 కంప్యూటర్‌తో వచ్చిన ఆ పెట్టెలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. బరువు దాదాపు టన్ను. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, అంటే ఇవాళ ఫోనులో తీసే ఒక ఫొటో అంత. 1962లో ఊడదీసి మార్చుకునే డిస్కు ప్యాకులు వచ్చాయి. ఐబీఎం సిస్టమ్/360 కాలానికి ఒక్కో ప్యాకునూ ఒక్కో టేపునూ వాల్యూమ్ అని పిలిచి, దానికి ఆరక్షరాల గుర్తు ఇచ్చేవారు. వాల్యూమ్ అంటే అప్పుడు చేత్తో ఎత్తి బీరువాలో పెట్టగల వస్తువు. కాపాడటం కూడా అంతే తేలిక: ఇంకో టేపు మీదికి నకలు తీసి వేరే గదిలో దాచేవారు.

ఆ వస్తువును మొదట ముక్కలు చేసింది అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఉన్న ఐబీఎం పరిశోధకులు. రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో బృందం తయారుచేసిన సీపీ-40 అనే వ్యవస్థ 1967లో పనిలోకి వచ్చింది. ఒకే యంత్రం చాలా యంత్రాలుగా కనిపించడం అక్కడ మొదలైంది. దాని తర్వాత వచ్చిన సీపీ-67లోనూ, 1972లో ప్రకటించిన వీఎం/370లోనూ ఒక్కో వాడుకరికి డిస్కులో కొన్ని సిలిండర్లు కోసి ఇచ్చేవారు. దాన్ని మినీడిస్కు అన్నారు. ఏ సిలిండర్లు ఎవరివో డైరెక్టరీలో మనిషి రాయాలి. అంకెల్లో పొరపాటు జరిగితే ఇద్దరి మినీడిస్కులు ఒకదాని మీదికి ఒకటి వచ్చి, ఒకరు రాసింది మరొకరిది చెరిపేసేది. ఇలాంటి అతివ్యాప్తిని పట్టుకోవడానికి డిస్క్‌మ్యాప్ అనే పనిముట్టు కావలసి వచ్చింది. వర్చువల్ డిస్కుల వల్ల డేటా పోయే ప్రమాదం వాటితోనే పుట్టిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

  ఈలోగా 1978లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుల తయారీ నియమాలు జారీ చేసింది. వాటిలో 211.68 అనే సెక్షన్, కంప్యూటర్‌లోకి ఎక్కించిన డేటాకు బ్యాకప్ ఉండాలని, అది కచ్చితంగా, సంపూర్ణంగా, మార్పులకూ చెరిగిపోవడానికీ అందకుండా ఉండాలని రాసింది. ఉదాహరణలుగా టేపునూ మైక్రోఫిల్మునూ పేర్కొంది. ఇప్పుడు పటాన్‌చెరు చుట్టుపక్కల నుంచి అమెరికాకు మందులు పంపే ప్రతి ఫ్యాక్టరీనీ ఆ పాత వాక్యం కట్టి ఉంచుతోంది.

చౌక డిస్కులు చాలా కలిపి ఒక పెద్ద డిస్కులా వాడుకోవచ్చని 1987 డిసెంబరులో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాశారు. మరుసటి ఏడాది ఆ పత్రం సిగ్‌మోడ్ సభలో వచ్చింది. అదే రెయిడ్. డిస్కుల్లోని బిట్లను కూడి వచ్చే పారిటీని కూడా రాసి పెడితే, ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి దాన్ని తిరిగి లెక్కగట్టవచ్చు. గొప్ప ఆలోచన. కానీ రెయిడ్ కాపాడేది డిస్కు చావు నుంచి మాత్రమే. ఎవరైనా ఫైలు చెరిపేస్తే ఆ చెరపడాన్ని కూడా అన్ని డిస్కుల మీదా అంతే నమ్మకంగా నమోదు చేస్తుంది. రెయిడ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న ఆఫీసులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

1990లో ఐబీఎం ఏఐఎక్స్ 3.1తో లాజికల్ వాల్యూమ్ మేనేజర్ వచ్చింది. చాలా డిస్కులను ఒక వాల్యూమ్ గ్రూపుగా చేర్చి, అందులోంచి కావలసినంత కోసుకుని, చాలకపోతే పెంచుకోవచ్చు. లినక్స్‌కు ఈ పనిముట్టును హైంజ్ మౌల్స్‌హాగెన్ 1998లో రాశారు. 2001లో వచ్చిన లినక్స్ 2.4 కెర్నెల్‌లో అది చేరింది. దీంతో వాల్యూమ్ ఇనుముతో సంబంధం తెంచుకుంది. వాల్యూమ్‌లోని ఏ భాగం ఏ డిస్కు మీద ఉందో చెప్పేది ఇక ఒక పట్టిక మాత్రమే. పట్టిక పోతే డిస్కులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా లోపల ఏముందో తెలియదు.

తర్వాతి అడుగు అన్నిటికన్నా తెలివైనది. 1992లో మొదలైన నెట్‌యాప్ సంస్థలో డేవ్ హిట్జ్, జేమ్స్ లావ్, మైకేల్ మాల్కమ్ కొత్త ఫైల్ సిస్టమ్ కట్టారు. 1994 జనవరిలో యూస్‌నిక్స్ సభలో దాన్ని వివరించారు. పాత బ్లాకు మీద రాయకుండా మారినదాన్ని కొత్త చోట రాయడం అందులోని కిటుకు. పాత బ్లాకులను చెరపకుండా అట్టేపెడితే, ఆ క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో ఆ రూపం అలాగే నిలుస్తుంది. అదే స్నాప్‌షాట్. క్షణాల్లో అయిపోతుంది, మొదట చోటు దాదాపు పట్టదు. పొరపాటున ఫైలు చెరిపినవాళ్లు గంట కిందటి రూపం నుంచి తామే తెచ్చుకోగలిగారు. కానీ స్నాప్‌షాట్ ఆ వాల్యూమ్‌లోనే ఉంటుంది. వాల్యూమ్ పోతే అదీ పోతుంది.

1998లో వీఎంవేర్ స్థాపించారు, 2001లో ఈఎస్ఎక్స్ సర్వర్ వచ్చింది. ఫ్యాక్టరీల సర్వర్ గదులను మార్చేసింది ఇదే. మొత్తం సర్వర్ కొన్ని ఫైళ్లయింది. డిస్కేమో వీఎండీకే అనే ఫైలు. చాలా హోస్టులు ఒకే డేటాస్టోర్‌ను పంచుకునేలా వీఎంఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ చేశారు. ఒక హోస్టు పడిపోతే దాని మెషీన్లను వేరే హోస్టు లేపుతుంది. ఇక్కడ స్నాప్‌షాట్ తీస్తే అసలు ఫైలు చదవడానికి మాత్రమే మిగులుతుంది, మార్పులన్నీ పక్కనున్న డెల్టా ఫైలులోకి పోతాయి. వదిలేస్తే ఆ డెల్టా పెరుగుతూనే ఉంటుంది. డేటాస్టోర్ నిండితే మెషీన్లు ఆగిపోతాయి. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేరే చెప్పింది. అసలు ఫైలు చెడితే డెల్టా ఎందుకూ పనికిరాదు. ఇంత స్పష్టంగా ఉన్నా, అప్‌గ్రేడుకు ముందు తీసిన స్నాప్‌షాట్‌నే బ్యాకప్‌గా లెక్కలో రాసుకునే అలవాటు పోలేదు.

ఈ అలవాటును మందుల ఫ్యాక్టరీలు మానుకోక తప్పదు. డేటా సమగ్రత మీద ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకంలో, బ్యాకప్ అంటే అసలు రికార్డుకు నిజమైన నకలనీ, రికార్డు ఉంచాల్సిన కాలమంతా దాన్ని భద్రంగా ఉంచాలనీ చెప్పింది. కంప్యూటర్ కుప్పకూలితే పనికొస్తుందని తీసే తాత్కాలిక నకళ్లు 211.68కి సరిపోవని కూడా అందులోనే ఉంది. స్నాప్‌షాట్ సంగతి దీంతో తేలిపోయింది.

నిజమైన బ్యాకప్ కోసం 2009లో వీఎంవేర్ వీస్ఫియర్ 4తో కొత్త పద్ధతి వచ్చింది. నిన్నటి నుంచి మారిన బ్లాకులేవో హోస్టే గుర్తుపెట్టుకుంటుంది. వాటినే నకలు తీస్తే చాలు, రాత్రంతా పట్టే పని నిమిషాల్లో ముగుస్తుంది. అయితే 2014లో అందులో ఒక లోపం బయటపడింది. వర్చువల్ డిస్కును 128 జీబీ హద్దు దాటేలా పెంచితే, మారిన బ్లాకుల జాబితా తప్పుగా వచ్చేది. బ్యాకప్ విజయవంతం అని తెర మీద పడేది, తిరిగి తెస్తే డేటా సగం సగం వచ్చేది. పచ్చ గుర్తును నమ్మినవారికి తెలిసే దారే లేదు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘటన ఇదే.

తర్వాత దాడులు మొదలయ్యాయి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే మరో రాన్సమ్‌వేర్ నేరుగా హోస్టులోకే చొరబడి వర్చువల్ మెషీన్ల ఫైళ్లకు తాళం వేసింది. అది వాడుకున్న లోపానికి 2021 ఫిబ్రవరిలోనే ప్యాచ్ వచ్చింది, రెండేళ్లుగా వేయనివాళ్లు దొరికిపోయారు. దాడి లేకున్నా డేటా పోవచ్చు: 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్ కూడా అదే భవనంలో ఉన్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు.

దీనికి జవాబు పటాన్‌చెరులోనే ఉంది. 1972లో వచ్చిన ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన విత్తన భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ నమూనాలను పంచడానికి 4 డిగ్రీల చలిలో ఒక సేకరణ ఉంచుతారు, దీర్ఘకాలానికి మైనస్ 20 డిగ్రీల్లో మరొకటి ఉంచుతారు. లక్షకు పైగా నమూనాల నకళ్లు నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు నేలమాళిగలో ఉన్నాయి. అంతటితో ఆగరు. దాచిన విత్తనాలు కొన్ని అప్పుడప్పుడు తీసి మొలకెత్తించి చూస్తారు, మొలక శాతం తగ్గితే పొలంలో వేసి కొత్త విత్తనం తీస్తారు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రమూ నకళ్ల విషయంలో ఇదే చెబుతుంది: మూడు నకళ్లు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే చోట. సర్వర్ గదులు ఈ లెక్క నేర్చుకున్నాయి. మొలకెత్తించి చూడటం మాత్రం చాలాచోట్ల ఇంకా నేర్చుకోలేదు.

ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో సర్వర్లు చూసుకునే మిత్రులకు నాదొక మనవి. నెలకోసారి ఏదో ఒక వర్చువల్ మెషీన్‌ను బ్యాకప్ నుంచి వేరే హోస్టు మీద, నెట్‌వర్క్ తీసేసి లేపండి. క్యూసీ వాళ్లను పిలిచి పాత బ్యాచ్ ఒకటి తెరిపించండి. తెరుచుకుంటే తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. తెరుచుకోకపోతే ఆ సంగతి ఆడిటర్ కన్నా ముందు మీకే తెలుస్తుంది.