ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం

మన తర్కశాస్త్రంలో 'ప్రమాణం' అంటే నిజాన్ని తెలుసుకునే సాధనం. లోకవ్యవహారంలో అదే మాటకు ఒట్టు అని అర్థం. నైయాయికులు శబ్దాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించారు గాని, వొక షరతు పెట్టారు: చెప్పేవాడు ఆప్తుడై వుండాలి. క్లాసులో యీ పాఠం చెప్పినప్పుడల్లా నాకు సోదా వారంటు గుర్తుకొస్తుంది. పోలీసు ఉద్యోగి ఒట్టుపెట్టి వొక కాగితం దాఖలు చేస్తాడు. పేరు చెప్పని ఇన్‌ఫార్మర్ ఒకడు ఏదో చూశాడని అందులో వుంటుంది. మేజిస్ట్రేటు నమ్మి సంతకం చేస్తాడు. ఆ చూసినవాడు ఆప్తుడా కాదా అన్నది అటుంచి, అసలు అటువంటివాడే లేకపోతే?

అమెరికా రాజ్యాంగంలోని నాలుగో సవరణ 1791 నాటిది. ఏ ఇంటినైనా సోదా చేయటానికి బ్రిటిష్ అధికారులకు చెల్లిన పత్రాల మీది కసి దాని వెనుక వుంది. ఒట్టు మీద చెప్పిన ఆధారం లేనిదే వారంటు పుట్టకూడదని అది శాసించింది. ఆ ఒట్టే అబద్ధమైతే ఏం కావాలన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు సూటిగా జవాబు చెప్పేసరికి 1978 వచ్చింది. అంటే 187 ఏళ్ళు!

అది ఫ్రాంక్స్ కేసు. మేజిస్ట్రేటు సంతకం అయిపోయాక ఇక తవ్వరాదనీ, అబద్ధమాడిన పోలీసును శిక్షించటానికి వేరే చట్టాలున్నాయనీ డెలవేర్ రాష్ట్రం వాదించింది. ఆ చట్టాలను ప్రయోగించవలసిన వాడెవడు? రోజూ అదే పోలీసు సాక్ష్యంతో కేసులు నడుపుకునే ప్రాసిక్యూటరే గదా! ఆ చట్టాలు చాలవని జస్టిస్ బ్లాక్‌మన్ తీర్పు చెప్పాడు. బుద్ధిపూర్వకంగా గాని, నిజానిజాలను లెక్కచేయకుండా గాని పోలీసు అబద్ధం రాశాడని ముద్దాయి రుజువు చేస్తే, ఆ వాక్యాలు కొట్టివేయాలి. మిగిలినది చాలకపోతే వారంటు చెల్లదు; దొరికిన సరుకు సాక్ష్యం కాదు.

మంచి తీర్పే. అయితే విచారణ కావాలంటే ముద్దాయి ముందుగానే గట్టి ఆధారం చూపాలి. ఇన్‌ఫార్మర్ పేరే తెలియనివాడు దేన్ని చూపుతాడు? పైగా ఇదంతా ముద్దాయిగా కోర్టుకు చేరినవాడి మాట.

2006 నవంబరు 21న అట్లాంటాలో నీల్ స్ట్రీట్ మీది కాథరిన్ జాన్‌స్టన్ కోర్టు దాకా రాలేదు. ఆమె నల్లజాతి వృద్ధురాలు; 92 ఏళ్ళని కుటుంబం చెప్పింది. ఆ రోజు పట్టుబడ్డ ఒకడు ఆమె ఇంట్లో కొకెయిన్ వుందన్నాడు. ఇన్‌ఫార్మర్‌ను పంపి, కొనిపించి రూఢి చేసుకోవటం పద్ధతి. పోలీసులు అంత శ్రమ పడలేదు, కొనిపించామని రాసేశారు. తలుపు తట్టకుండా జొరబడే వారంటు వచ్చింది. ఇనుప చువ్వలు తెంచి, తలుపు పగలగొట్టారు. దొంగలనుకుంది కాబోలు, ఆమె పిస్తోలుతో ఒక్క గుండు పేల్చింది. ఎవరికీ తగలలేదు. వాళ్ళు 39 గుండ్లు పేల్చారు. కొన ఊపిరితో వున్న ఆమె చేతులకు బేడీలు వేశారు. కొకెయిన్ దొరకలేదు. గంజాయి పొట్లాలు తామే తెచ్చి పెట్టారు. తరువాత వొక ఇన్‌ఫార్మర్‌ను పిలిచి, 'నేనే కొన్నాను' అని చెప్పమన్నారు. అతను ఒప్పుకోక ఫెడరల్ అధికారులకు చెప్పేశాడు. ఒట్టుపెట్టినవాళ్ళు అబద్ధమాడితే, ఏ ఒట్టూ పెట్టని ఆ మనిషి ఆప్తుడయ్యాడు.

2009 ఫిబ్రవరిలో ముగ్గురు పోలీసులకు 10, 6, 5 ఏళ్ళ జైలు పడింది. పౌరహక్కులను భంగపరిచే కుట్రను శిక్షించే ఆ సెక్షన్ మూలం, కూక్లక్స్ క్లాన్‌ను అణచటానికి చేసిన 1870 చట్టంలో వుంది. 2010లో నగరం కుటుంబానికి 49 లక్షల డాలర్లు చెల్లించటానికి అంగీకరించింది. నెలకు ఇన్ని అరెస్టులు, ఇన్ని వారంట్లు చూపాలన్న ఒత్తిడి పోలీసుల మీద వుండేదని కోర్టులోనే బయటపడింది. ఒత్తిడి తెచ్చినవాళ్ళకు శిక్ష లేదు!

మన దేశంలో ముద్దాయికి ఫ్రాంక్స్ వంటి రక్షణ లేదు. సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యాన్ని తోసివేయనక్కరలేదని పూరన్‌మల్ కేసులో (1973) సుప్రీంకోర్టు తేల్చింది. ఇక శిక్షంటారా, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 58వ సెక్షన్ చూడండి. దురుద్దేశంతో తప్పుడు సమాచారమిచ్చి సోదా చేయించినవాడికి రెండేళ్ళ దాకా జైలు. సహేతుకమైన అనుమానం లేకుండా ఇంట్లో జొరబడిన అధికారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.