ఎల్‌-1 వీసా: ఉద్యోగం మారకుండా దేశం మారే దారి

బహుళజాతి సంస్థ తన విదేశీ శాఖలో పనిచేస్తున్న ఉద్యోగిని అమెరికాలోని శాఖకు బదిలీ చేయడానికి వాడే వీసా ఎల్‌-1. మేనేజర్లకు, ఎగ్జిక్యూటివ్‌లకు ఇచ్చేది ఎల్‌-1ఎ. సంస్థకు సంబంధించిన ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారికి ఇచ్చేది ఎల్‌-1బి. వారి భార్య లేదా భర్తకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు ఇచ్చేది ఎల్‌-2. హెచ్‌-1బికి ఉన్నట్టు దీనికి ఏటా ఇన్నే ఇవ్వాలన్న పరిమితి లేదు, లాటరీ లేదు, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం ఇచ్చి తీరాలన్న షరతూ లేదు. బదులుగా కాలికి ఒక బంధం ఉంది. ఏ సంస్థ తీసుకొచ్చిందో ఆ సంస్థలోనే ఉండాలి. ప్రధానంగా యూరప్ నుంచి వచ్చే పెద్ద అధికారులకు పనికొస్తుందని 1970లో చేసిన ఈ ఏర్పాటు, ముప్పై ఏళ్లు తిరిగేసరికి భారతీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వీసాగా పేరుపడింది.

అమెరికా చట్టం మొదట్లో ఇలాంటి రాకపోకలకు పూర్తిగా వ్యతిరేకం. 1885 నాటి ఒప్పంద కూలీల చట్టం ప్రకారం, పరదేశంలోని మనిషితో ముందే కొలువు మాట్లాడుకుని రప్పించడమే తప్పు. నటులు, గాయకులు, ఉపన్యాసకులు, ఇంటి పనివారు, అమెరికాలో ఇంకా వేళ్లూనుకోని పరిశ్రమలకు కావలసిన నిపుణులు వంటి కొందరికే మినహాయింపు ఉండేది. ఆ నిషేధం 1952 చట్టం వచ్చేదాకా ఏదో ఒక రూపంలో పుస్తకాల్లో ఉంటూనే వచ్చింది. ఈలోగా 1924 చట్టం జాతి మూలాలను బట్టి దేశాలవారీ కోటాలు పెట్టింది. 1952లో సవరించిన లెక్కల ప్రకారం బ్రిటన్‌కు ఏటా 65,361, జర్మనీకి 25,814, ఐర్లాండ్‌కు 17,756. భారతదేశానికి 1946లో దక్కినది ఏటా 100, అప్పుడూ అంతే.

ఈ అంకెల్లోనే ఎల్‌-1 పుట్టుకకు కారణం దాగి ఉంది. బ్రిటన్ కోటా ఏటా చాలావరకు మిగిలిపోయేది. లండన్ కార్యాలయం నుంచి న్యూయార్క్‌కు ఒక డైరెక్టర్‌ను పంపాలంటే కంపెనీకి ప్రత్యేక వీసా అవసరమే ఉండేది కాదు. ఆయన నేరుగా శాశ్వత నివాసానికే దరఖాస్తు చేసుకుని, పెద్దగా ఆగకుండా వచ్చేసేవాడు. వర్తక ఒప్పందం ఉన్న దేశాల వారికి ఇ-వీసా మరో దారి. భారత్‌తో అలాంటి ఒప్పందం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేటి హెచ్‌-1బికి మూలమైన హెచ్‌-1 1952లోనే పుట్టినా, అందులో ఒక మెలిక ఉంది. వచ్చే మనిషి తాత్కాలికంగా వస్తే చాలదు, చేయబోయే పని కూడా తాత్కాలికమైనదే అయి ఉండాలి. ఒక శాఖను నడిపే మేనేజరు పదవి తాత్కాలికమని ఏ కంపెనీ చెప్పగలదు?

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహం దగ్గర సంతకం చేసిన వలస చట్టం ఆ కోటాలను రద్దు చేసింది. తూర్పు అర్ధగోళానికి మొత్తం 1,70,000 వీసాలు, ఒక్కో దేశానికి 20,000 గరిష్ఠం, ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతి పెట్టింది. ఉద్యోగం మీద వచ్చేవారికి కార్మిక శాఖ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. 1968 జులై 1 నుంచి ఇది పూర్తిగా అమల్లోకి వచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం డాక్టర్లకూ ఇంజినీర్లకూ అమెరికా తలుపు తెరుచుకున్నది ఈ చట్టంతోనే. అదే చట్టం వల్ల యూరప్ అధికారులు జీవితంలో మొదటిసారి వరుసలో నిలబడవలసి వచ్చింది. వరుస అలవాటు లేని కంపెనీలు కాంగ్రెస్ దగ్గరకు వెళ్లాయి.

ఫలితం 1970 ఏప్రిల్ 7 నాటి 91-225 నంబరు చట్టం. అది చిన్న చట్టం, అందులో ఒకదానికొకటి పెద్దగా సంబంధం లేని పనులు కొన్ని ఉన్నాయి. అమెరికన్లు పెళ్లాడబోయే విదేశీయుల కోసం కె-వీసా అందులోనే పుట్టింది. హెచ్‌-1లో పని కూడా తాత్కాలికమై ఉండాలన్న మెలికను తీసేసింది అదే. బదిలీ ఉద్యోగుల కోసం ఎల్‌ అనే కొత్త తరగతిని చేర్చిందీ అదే. బదిలీకి ముందు ఏడాదిపాటు ఎడతెగకుండా ఆ సంస్థలో పనిచేసి ఉండాలి, మేనేజరుగానో ఎగ్జిక్యూటివ్‌గానో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగిగానో రావాలి, అదే సంస్థలోనో దాని అనుబంధ సంస్థలోనో చేరాలి. ఈ తరగతి ఇరుకైనదని, వచ్చేవారు కొద్దిమందే ఉంటారని ప్రతినిధుల సభ కమిటీ అనుకుంది. అందుకే కాబోలు గరిష్ఠ సంఖ్య రాయలేదు, ప్రత్యేక పరిజ్ఞానం అంటే ఏమిటో కూడా నిర్వచించలేదు. ఆ తర్వాతి యాభై ఏళ్ల తగాదాలన్నీ ఈ రెండు ఖాళీల్లోంచి వచ్చినవే.

మొదటి ఇరవై ఏళ్లు పెద్దగా సందడి లేదు. 1980ల మొదట్లో వలస విభాగం తన నిర్ణయాల్లో ప్రత్యేక పరిజ్ఞానాన్ని బిగించి చదివింది. నైపుణ్యం ఉన్న ప్రతి పనివాడూ దీని కిందికి రాడని, సంస్థకు కీలకమైన మనిషి అయి ఉండాలని తేల్చింది. మరోవైపు 1983లో పెద్ద కంపెనీలకు బ్లాంకెట్ పద్ధతి ఇచ్చింది. ఒక్కో ఉద్యోగికీ విడిగా పిటిషన్ వేయనక్కరలేకుండా, కంపెనీ తన శాఖలన్నిటి చిట్టాకు ఒకసారి ఆమోదం తెచ్చుకుంటే, ఆపై ఉద్యోగి కాగితాలు పట్టుకుని నేరుగా కాన్సులేట్‌కు వెళ్లవచ్చు. ఇది అందరికీ దక్కదు. ఏడాదిలో పది ఎల్‌ ఆమోదాలు, లేదా అమెరికాలో రెండున్నర కోట్ల డాలర్ల అమ్మకాలు, లేదా అక్కడ వెయ్యిమంది సిబ్బంది ఉండాలి.

అసలు మలుపు 1990 నవంబరు 29 నాటి వలస చట్టం. ఏడాది ఉద్యోగం వెంటనే ముందున్నదే కానక్కరలేదని, గత మూడేళ్లలో ఎప్పుడైనా చాలని సడలించింది. ఎల్‌-1ఎ వారికి ఏడేళ్లు, ఎల్‌-1బి వారికి అయిదేళ్లు గడువు పెట్టింది. ప్రత్యేక పరిజ్ఞానానికి నిర్వచనం రాసింది: సంస్థ ఉత్పత్తి గురించీ అంతర్జాతీయ మార్కెట్లో దాని వాడకం గురించీ ప్రత్యేకంగా తెలిసి ఉండటం, లేదా సంస్థ పని పద్ధతుల్లో ఉన్నత స్థాయి తెలివిడి ఉండటం. నిర్వచనం వచ్చినా స్పష్టత రాలేదు. ప్రత్యేకమంటే ప్రత్యేకమన్నట్టే ఉంది. అన్నిటికన్నా పెద్ద సడలింపు ఉద్దేశం విషయంలో. తాత్కాలిక వీసా మీద వచ్చేవారు తిరిగి వెళ్లే ఉద్దేశం చూపించాలన్నది సాధారణ నియమం. హెచ్‌-1బి, ఎల్‌-1 వారికి ఆ నియమం ఎత్తేశారు. గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకుని కూడా వీసా మీద ఉండవచ్చు. బహుళజాతి సంస్థల మేనేజర్లకు ఉద్యోగాధారిత మొదటి ప్రాధాన్యంలో చోటిచ్చి, కార్మిక శాఖ ధ్రువీకరణ కూడా అక్కరలేదన్నారు. అదే చట్టం హెచ్‌-1బికి 65,000 పరిమితి పెట్టింది. ఒక గుమ్మానికి గొళ్లెం బిగించి పక్క గుమ్మం తెరిచి ఉంచితే జనం ఎటు నడుస్తారో ఊహించడం కష్టం కాదు.

ఈ చట్టం వచ్చిన కొన్ని నెలలకే, 1991లో, భారత్‌లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. దశాబ్దం చివరికి కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ సమస్యను (వై2కె) సరిచేసే పనులు వెల్లువెత్తాయి. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ అక్కడ తన డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. అప్పటి నుంచి ఎల్‌-1 రెండు రకాలుగా నడిచింది. మొదటిది చట్టం ఊహించిన రకం: అమెరికా కంపెనీ తన హైదరాబాద్ సెంటర్‌లోని ఇంజినీరును తన ప్రధాన కార్యాలయానికి రప్పించుకుంటుంది. రెండోది చట్టం ఊహించనిది: భారతీయ సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీ అమెరికాలో ఒక శాఖ పెట్టి, ఉద్యోగిని కాగితం మీద ఆ శాఖకు బదిలీ చేసి, పని మాత్రం క్లయింటు ఆఫీసులో చేయిస్తుంది. తెలుగు ఇళ్లలో ఆన్‌సైట్ అనగానే గుర్తొచ్చేది ఎక్కువగా ఈ రెండో రకమే.

తగాదా ఫ్లోరిడాలో మొదలైంది. 2002లో లేక్ మేరీలోని సీమెన్స్ కేంద్రంలో ఉద్యోగాలు పోగొట్టుకున్న అమెరికన్ సిబ్బంది, తమ స్థానంలోకి వస్తున్న టాటా కన్సల్టెన్సీ ఉద్యోగులకు తామే పని నేర్పవలసి వచ్చిందని, వారిలో కొందరు ఎల్‌-1 మీద వచ్చారని బయటపెట్టారు. వారి వాదనలో పదును ఉంది. సంస్థకు ప్రత్యేకమైన పరిజ్ఞానం ఉన్నందుకు వీసా ఇస్తే, ఆ పరిజ్ఞానాన్ని ఇంకో సంస్థ సిబ్బంది దగ్గర నేర్చుకోవడమేమిటి? 2003 జులైలో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. 2004 డిసెంబరులో వచ్చిన ఎల్‌-1 వీసా సంస్కరణ చట్టం 2005 జూన్ నుంచి అమలైంది. ఎల్‌-1బి ఉద్యోగిని సంబంధం లేని కంపెనీ ఆవరణలో, ప్రధానంగా ఆ కంపెనీ అజమాయిషీ కింద ఉంచకూడదు, మనుషులను అద్దెకిచ్చే పద్ధతిలో పంపకూడదు అన్నది దాని సారం. బ్లాంకెట్ కింద వచ్చేవారికి 2002లో ఆరు నెలలకు తగ్గించిన ముందస్తు ఉద్యోగ కాలాన్ని మళ్లీ ఏడాది చేసింది. అయినా ఆవరణ ఎవరిదైనా అజమాయిషీ మాది అని కంపెనీలు చూపించగలిగినంత కాలం పని సాగింది. అత్యధికంగా ఎల్‌-1 పిటిషన్లు వేసిన పది సంస్థల్లో తొమ్మిది భారతీయ సిబ్బందితో నడిచే ఐటీ సేవల సంస్థలేనని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2006 నివేదికలో రాశారు. 2008 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచమంతటా జారీ అయిన ఎల్‌-1లు 84 వేలు దాటాయి.

ఆ తర్వాత చట్టం మారకుండానే పరిశీలన బిగిసింది. ఎల్‌-1బి పిటిషన్ల తిరస్కరణ 2006లో 6 శాతం ఉండగా 2014కు 35 శాతానికి చేరింది. 2012 నుంచి 2014 వరకు భారతీయుల పిటిషన్లలో సగానికి పైగా తిరస్కరించారు. మిగతా దేశాలన్నీ కలిపితే ఆ రేటు దాదాపు 13 శాతమే. 2011 డిసెంబరు 1 నుంచి భారత్‌లోని బ్లాంకెట్ దరఖాస్తులన్నీ చెన్నై కాన్సులేట్‌కే మళ్లించారు. 2009లో హైదరాబాద్‌లోనే వీసాలు ఇవ్వడం మొదలై రెండేళ్లు దాటిందో లేదో, ఇక్కడి బ్లాంకెట్ ఉద్యోగులు మళ్లీ చెన్నై రైలెక్కారు.

ప్రత్యేక పరిజ్ఞానం అర్థం మీద గట్టి తీర్పు మాత్రం సాఫ్ట్‌వేర్ నుంచి రాలేదు, వంటింటి నుంచి వచ్చింది. ఫోగో ద చావో అనే బ్రెజిల్ రెస్టారెంట్ల సంస్థ దక్షిణ బ్రెజిల్ పశుపాలకుల పద్ధతిలో మాంసం కాల్చే వంటవారిని ఎల్‌-1బి మీద రప్పించేది. ఒకరికి వీసా నిరాకరించారు. చిన్నప్పటి నుంచి ఇంటి వాతావరణంలో అబ్బిన నేర్పు సంస్థ పరిజ్ఞానం కాదన్నారు. అలా మొత్తంగా తోసిపుచ్చడం చెల్లదని వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు 2014 అక్టోబరులో ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2015 ఆగస్టులో వలస విభాగం ఎల్‌-1బి మీద కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది.

రుసుముల కథ వేరు. 2010 ఆగస్టులో మెక్సికో సరిహద్దు భద్రతకు డబ్బు కావలసి వచ్చి, యాభైమంది లేదా అంతకు మించిన సిబ్బందిలో సగానికి పైగా హెచ్‌-1బి, ఎల్‌-1 వారే ఉన్న కంపెనీలు ఒక్కో ఎల్‌-1కు అదనంగా 2,250 డాలర్లు కట్టాలన్నారు. 2015 డిసెంబరులో దాన్ని 4,500 చేశారు. ఏ కంపెనీ పేరూ చట్టంలో లేదు, కానీ ఆ కొలతకు సరిపోయేవి దాదాపు భారతీయ కంపెనీలే. 1995లో అమల్లోకి వచ్చిన సేవల వాణిజ్య ఒప్పందంలో సంస్థల లోపలి బదిలీలకు అమెరికా ఇచ్చిన హామీకి ఇది విరుద్ధమంటూ 2016 మార్చిలో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. వ్యవహారం సంప్రదింపుల దశ దాటలేదు. సోషల్ సెక్యూరిటీ కోత మరో పాత ఫిర్యాదు. పింఛను అర్హతకు దాదాపు పదేళ్ల చందా కావాలి, ఎల్‌-1ఎ గరిష్ఠ గడువేమో ఏడేళ్లు. రెండు దేశాల మధ్య దీనిపై ఒప్పందం లేదు కనుక, గడువు తీరి తిరిగొచ్చినవారి సొమ్ము అక్కడే ఉండిపోతుంది.

ఇతర దేశాలూ ఇలాంటి వీసాలు పెట్టాయి గాని, ఎక్కువగా తిరిగి పంపే ఉద్దేశంతోనే. జపాన్ 1990లో సంస్థ లోపలి బదిలీకి విడిగా నివాస హోదా తెచ్చింది. బ్రిటన్ 2010 ఏప్రిల్ తర్వాత వచ్చిన బదిలీ ఉద్యోగులకు శాశ్వత నివాసపు దారి మూసేసింది. 2022 ఏప్రిల్‌లో ఆ వీసాకు పేరు మార్చినా ఈ షరతు మార్చలేదు. యూరోపియన్ యూనియన్ 2014 ఆదేశం మేనేజర్లకు, నిపుణులకు మూడేళ్లు, శిక్షణార్థులకు ఏడాది గరిష్ఠంగా పెట్టింది.

తెలుగు కుటుంబాల్లో ఎల్‌-1కు విలువ తెచ్చింది మాత్రం చాలావరకు దాని నీడలో వచ్చే ఎల్‌-2. 2002 జనవరి 16 నాటి చట్టం ఎల్‌-1 వారి జీవిత భాగస్వామికి పనిచేసే హక్కు ఇచ్చింది. హెచ్‌-1బి వారి కుటుంబాలకు ఇచ్చే హెచ్‌-4 మీద వెళ్లిన భార్యలకు 2015 దాకా ఆ వీలే లేదు, వచ్చాక కూడా గ్రీన్‌కార్డు వరుసలో కొంత దూరం వెళ్లినవారికే. అందుకే ఇద్దరూ ఇంజినీర్లయిన జంటలు హెచ్‌-1బి చేతిలో ఉన్నా ఎల్‌-1 కోసం చూసిన సందర్భాలున్నాయి. అయితే అప్పట్లో ఎల్‌-2 వారికీ పని అనుమతి కార్డు విడిగా రావలసి ఉండేది, అది ఆలస్యమైతే ఉద్యోగం ఆగేది. 2020 జూన్ నుంచి 2021 మార్చి వరకు కరోనా పేరుతో కొత్త ఎల్‌ వీసాల మీద ప్రవేశాన్నే అధ్యక్షుడి ప్రకటన నిలిపివేసింది. ఆ గందరగోళంలో కార్డుల జాప్యం ఇంకా పెరిగి, వ్యవహారం కోర్టుకెక్కింది. 2021 నవంబరులో కుదిరిన రాజీతో, ఎల్‌-2 హోదా ఉంటే చాలు, జీవిత భాగస్వామికి పనిచేసే హక్కు ఉన్నట్టేనని ప్రభుత్వం ఒప్పుకుంది. 2022 జనవరి చివర నుంచి అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఐ-94 పత్రంలో వారికి ఎల్‌-2ఎస్ అని గుర్తు వేస్తున్నారు. ఉద్యోగమిచ్చేవారికి ఆ పత్రం చూపిస్తే సరిపోతుంది.