పెరడు నుంచి సాంచాల షెడ్డు దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇంటితోటలు – మానసిక స్వస్థత

వ్యాససంగ్రహం: ఇంటితోట మనసుకు ఊరటనిస్తుందన్న మాట నేడు తరచుగా వినిపిస్తున్నది. ఆ ఊరట మొక్కల అందంలో ఉందా, వాటికి చేసే పనిలో ఉందా అన్న ప్రశ్నను మూడు పట్టణాల గృహచరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పెరడు, గడీ, సాంచాలు, బీడీ పని, బతుకమ్మ.

1. ప్రవేశిక

ఉత్తర తెలంగాణ చరిత్రను కోటలనుంచి, గడీలనుంచి, ఉద్యమాలనుంచి చూడటం మనకు అలవాటు. ఇంటి వెనుకనుంచి చూస్తే కనిపించే చరిత్ర మరొకటి. పాత ఇండ్లలో పెరడు అలంకారంగా ఏర్పడినది కాదు. గిన్నెలు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు ఎటు పారితే అటు పాదు పుట్టేది. ఆనిగెపుతీగ పందిరెక్కేది, బీరతీగ గోడ పట్టేది. పుంటికూర, తోటకూర విత్తితే వచ్చేవి. గంగవాయిలికూర విత్తకుండానే మొలిచేది. చేదబావి దగ్గర మల్లె, కనకాంబరం, వాకిట తులసిగద్దె. పొలాసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం తన వరి వంగడాలకు ‘పొలాస ప్రభ’, ‘జగిత్యాల సన్నాలు’ అని ఈ నేల పేర్లు పెట్టింది. పెరటిబీరకు మాత్రం విత్తనమిచ్చిన ఇంటివారి పేరే పేరు.

ఈ పని భారం ఎక్కువగా స్త్రీలదే. అయినా వంట, చాకిరీ, కూలి అన్నవాటికి ఉన్నట్లు దీనికి అడిగేవారు లేరు. నీళ్ళు ఎప్పుడు పోయాలి, పిందెను ఎప్పుడు కోయాలి అన్నది ఆమె నిర్ణయం. ఈ స్వేచ్ఛే అసలు విషయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. గడీ తోట – ఇంటి పెరడు

గడీలకూ తోటలుండేవి. మొక్కలు దాదాపు అవే. మట్టి, నీళ్ళూ అవే. కాని వెట్టితో నడిచిన వ్యవస్థలో గడీ తోటకు నీళ్ళు మోయడం కూడ వెట్టిలో భాగమే. ఆ పని చేసిన మనిషికి పచ్చదనం ఊరటనిచ్చిందని ఎవరూ అనలేరు. 1978 సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, ఆ మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం భూమి, కూలి, వెట్టి ప్రశ్నలకు సంబంధించిన ఘట్టాలుగా సుప్రసిద్ధం. తన శ్రమపై తనకే హక్కు ఉండాలన్న ఆ కోరికకు పెరట్లో ఒక చిన్న రూపం ఉంది.

ఆధునిక పరిశోధనలోనూ ఈ అంశం పరోక్షంగా కనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ బర్గ్, కస్టర్స్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో 30 మందికి ముందుగా ఒత్తిడి కలిగించే పని ఇచ్చారు. తరువాత అరగంటసేపు కొందరిని తోటపనికి, మిగిలినవారిని లోపల కూర్చుని చదువుకోవడానికి కేటాయించారు. ఒత్తిడికి సూచిక అయిన కార్టిసోల్ రెండు వర్గాల్లోనూ తగ్గినా, తోటపని చేసినవారిలో ఎక్కువగా తగ్గింది. వారి మనఃస్థితీ తేరుకుంది. అయితే పాల్గొన్నవారందరూ సొంత తోటమడులను సాగుచేసుకొనేవారే. ఫలితాన్ని ఉదాహరించేటప్పుడు ఈ వివరాన్ని వదిలిపెట్టరాదు.

3. పెరడు పోయిన తీరు

సిరిసిల్లలో గుంటమగ్గం ఇంటిలోపలే ఉండేది. ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాల్లో మరమగ్గాలు, అక్కడివారి మాటలో సాంచాలు, మగ్గం స్థానాన్ని ఆక్రమించాయి. సాంచాలకు షెడ్డు కావాలి. ఇంటి ఆవరణలో షెడ్డుకు దొరికే జాగా పెరడే. పన్నెండు గంటల పాళీలో సాంచాల మోత మధ్య నిలబడే కార్మికుడికి ఇంటికి వచ్చాక కూడ అదే మోత. గడచిన పాతికేళ్ళలో నేతకార్మికుల ఆత్మహత్యలవల్ల ఈ ఊరి పేరు పత్రికల్లో పదేపదే వచ్చింది. అప్పులు, పని దొరకని నెలలు, తక్కువ కూలి అందుకు కారణాలు. వాటికి పూలకుండీ పరిష్కారమని చెప్పడం అన్యాయం.

కోరుట్ల, జగిత్యాలల్లో మార్పు మరో దారిలో వచ్చింది. గల్ఫ్ సంపాదనతో కట్టిన ఇండ్లు హద్దునుంచి హద్దుదాకా లేచాయి. మిగిలిన జానెడు జాగా గచ్చు కిందికి పోయింది. ఆ ఇంట్లో భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. భార్య వెయ్యి బీడీల లెక్కకు గడప దగ్గర చాటతో కూర్చుంటుంది. చేతులకు తునికాకు, తంబాకు, కళ్ళెదుట సిమెంటు.

2017 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలకు సిరిసిల్ల సాంచాలే ఆధారం. పూల పండుగకు చీర నేసిన ఇంట్లో పూవు పూసే జాగా లేదు. పండుగకు తంగేడు, గునుగు కూడ అంగడిలో కొనవలసి రావడం ఈ పట్టణాల్లో మామూలైపోయింది.

4. మెరుగుపరచడం అంటే

2015లో మొదలైన హరితహారం ఇండ్లకూ మొక్కలు పంచింది. మంచి పనే, కాని లెక్క మొక్కలదిగా సాగింది, వాటిని చూసుకొనే మనిషిది కాదు. ఇంటితోటను బాగుచేయాలంటే ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ ఎక్కువసేపు కూర్చుంటారో ముందు చూడాలి. బీడీలు చుట్టే గడపకు ఎదురుగా రెండు కుండీలు మేడమీది ఇరవై కుండీలకన్న మేలు. ఎండకు కాగే సాంచాల షెడ్డు రేకులమీదికి పందిరిగుంజ ఆసరాతో ఆనిగెపుతీగ పాకిస్తే నీడా కూరా రెండూ దక్కుతాయి. గిన్నెలు కడిగిన నీళ్ళను, సబ్బు ఎక్కువ లేకుంటే, కాలువలోకి వదలక పాదుకు మళ్ళించవచ్చు. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. వేరు కుళ్ళి మొక్క చచ్చిపోతే దిగులున్న మనిషి తననే నిందించుకొంటాడు. అందుకే తొలి మొక్క తొందరగా చావనిదై ఉండాలి: తులసికన్న బచ్చలి నయం.

నాటుబంతి పూతకు సుమారు రెండు నెలలు పడుతుంది. ఆషాఢం చివర విత్తితే భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూలకు కోతకు వస్తుంది. నిరుడు పండుగకు కోయకుండా చెట్టుమీదే ఎండనిచ్చిన రెండు పూలు చాలు, విత్తనానికి.