రాగిపై తగరపు పూత: కళాయి నుంచి సర్క్యూట్ బోర్డు వరకు

ఉపోద్ఘాతం

సత్యవేడు ప్రాంతంలో 2008లో ప్రారంభమైన శ్రీ సిటీలో, 2015లో ఫాక్స్‌కాన్ సంస్థ షావోమి ఫోన్ల తయారీని చేపట్టింది. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ చరిత్రను ఆ సంవత్సరం నుంచే మొదలుపెడితే ఒక విషయం మరుగున పడుతుంది. సర్క్యూట్ బోర్డుకు అవసరమైన ఒక పని, అంటే రాగిపై తగరం పూయడం, తెలుగువారికి అంతకు చాలా ముందే తెలుసు. దాని పేరు కళాయి. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని ఎంతవరకు చెప్పవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పని విధానం

లోహానికి మన పేరు తగరం. ‘కళాయి’ అరబీ మూలం గల పదం. కళాయి పనివారు రాగి పాత్రను తోమి, కొలిమిపై వేడిచేసి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా రుద్దుతారు. రాగిపై ఏర్పడిన ఆక్సైడు పొరను నవాసాగరం తొలగిస్తేనే తగరం పట్టుకుంటుంది. ఇంట్లో బోర్డు తయారుచేసేవారు అనవసరమైన రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించి, మిగిలిన గీతలను శుభ్రపరచి, రోజిన్ పూసి, సోల్డరింగ్ ఐరన్‌తో పలుచని సోల్డర్ పొర వేస్తారు. అక్కడ నవాసాగరం చేసిన పనినే ఇక్కడ రోజిన్ చేస్తుంది. పాత్రలో ఆ పూత పులుసును రాగికి తగలనివ్వదు. బోర్డుపై రాగిని గాలి, తేమల నుంచి కాపాడి, విడిభాగాలు సులభంగా అతుక్కునేలా చేస్తుంది.

సీసం సమస్య

శుద్ధ తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. 63:37 నిష్పత్తిలో సీసం కలిస్తే 183 డిగ్రీలు చాలు. ఈ సౌలభ్యం వల్లనే ఎలక్ట్రానిక్స్‌లో సీసం స్థిరపడింది. వంటపాత్రల కళాయిలో మాత్రం అదే సీసం విషం. ఐరోపా సమాఖ్య 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ పరికరాలలో సీసాన్ని నియంత్రించింది. భారతదేశపు 2016 ఇ-వ్యర్థాల నిబంధనలు దానికి 0.1 శాతం పరిమితి విధించాయి. సీసం లేని తగరం అవసరం ఆ విధంగా వంటింటి నుంచి కర్మాగారానికీ విస్తరించింది.

ముగింపు

ఈ పోలికను బట్టి కళాయి పనివారి వారసులే కర్మాగారాలకు చేరారని నిర్ధారించలేము. ఇది పదార్థాల సామ్యం, వంశక్రమం కాదు. అయితే స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రల రాకతో వృత్తి వెనుకబడినకొద్దీ దాని పదజాలమూ చెదిరిపోతోంది. ‘టిన్నింగ్’ అని బోధిస్తున్న చోట ‘గీతలకు కళాయి వేయడం’ అంటే, ముందు రాగిని ఎందుకు శుభ్రపరచాలో కూడా ఆ మాటే చెబుతుంది. ఈ పదాలను వృత్తికారుల నోట వినగలిగినప్పుడే సేకరించడం సాంకేతిక చరిత్రకారుల తక్షణ కర్తవ్యం.