ప్లెయిన్స్‌బరో రైల్వే స్టేషన్

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీలో మూతపడిన ఒక చిన్న స్టేషన్ ప్లెయిన్స్‌బరో. మూతపడింది స్టేషనే, లైను కాదు. న్యూయార్క్–ఫిలడెల్ఫియా ప్రధాన మార్గంలో, ప్రిన్స్‌టన్ జంక్షన్‌కూ మాన్మత్ జంక్షన్‌కూ మధ్య ఇది ఉండేది.

ట్రెంటన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్‌కు 1839లో వేసిన తొలి లైను ఈ ఊరికి రాలేదు. అది డెలావేర్–రారిటన్ కాలువను పట్టుకుని, కింగ్‌స్టన్ మీదుగా వంకర్లు తిరుగుతూ సాగేది. 1860ల తొలినాళ్లలో ఆ వంకర్లు తీసేసి తిన్నగా కొత్త లైను వేశారు. ప్లెయిన్స్‌బరో పొలాల మీదుగా రైలు వెళ్లడం అప్పటి నుంచే. 1871లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఈ మార్గాన్ని లీజుకు తీసుకుంది.

ఊరికి పేరు తెచ్చింది మాత్రం పాలు. 1897లో ఇక్కడ వెలిసిన వాకర్–గోర్డన్ డెయిరీ, పచ్చిగానే తాగదగ్గ శుభ్రమైన పాలను నగరాలకు అమ్మేది. రెండు మహానగరాలకు నడిమధ్యన, ప్రధాన లైను పక్కన ఉండటం అలాంటి వ్యాపారానికి కలిసొచ్చే విషయం. 1930లో ఆ డెయిరీ రోటోలాక్టర్‌ను నెలకొల్పింది. గుండ్రంగా తిరిగే పెద్ద వేదికపైకి 50 ఆవులు ఒకదాని వెనక ఒకటి ఎక్కేవి. పొదుగు కడిగి, తుడిచి, యంత్రం తగిలిస్తే, సుమారు పన్నెండున్నర నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేసరికి పితకడం అయిపోయేది. బోర్డెన్ కంపెనీ ప్రకటనల ఆవు ‘ఎల్సీ’ని 1941లో సమాధి చేసింది ఈ ఊళ్లోనే. అది చనిపోయింది లారీ ప్రమాదంలో. పాల రవాణాను, పల్లె ప్రయాణికులను రైలు నుంచి లాగేసుకున్నదీ లారీల్లాంటి రోడ్డు వాహనాలే.

ఈ స్టేషన్‌కు అచ్చిరాని మరో సంగతి, లైను తిన్నగా ఉండటం. 1933లో న్యూయార్క్–ఫిలడెల్ఫియా మధ్య విద్యుత్ రైళ్లు మొదలయ్యాయి. 1960ల చివర మెట్రోలైనర్లనే అతివేగ రైళ్ల పరీక్షలకు ఎంచుకున్నది ట్రెంటన్–న్యూ బ్రన్స్‌విక్ మధ్యనున్న ఈ దారినే. పరుగు కోసం వేసిన పట్టాల మీద పల్లె స్టాపులు నిలవవు. పక్కనున్న మాన్మత్ జంక్షన్ స్టేషన్ కూడా మూతపడింది.

వాకర్–గోర్డన్ పాల వ్యాపారం 1971తో ముగిసింది. 1970లో రెండు వేల మంది కూడా లేని టౌన్‌షిప్ జనాభా 2020 నాటికి 24 వేలు దాటింది. అందులో భారతీయులు చాలామంది, తెలుగువాళ్లూ తక్కువేం కాదు. స్టేషన్ ఉన్న రోజుల్లో ఎక్కే జనం లేరు, జనం వచ్చేసరికి స్టేషన్ లేదు. న్యూయార్క్‌లో ఉద్యోగం చేసే ప్లెయిన్స్‌బరో వాసులు ఇప్పుడు పక్క టౌన్‌షిప్ వెస్ట్ విండ్సర్‌లోని ప్రిన్స్‌టన్ జంక్షన్‌కు వెళ్లి రైలెక్కుతారు. అక్కడి నుంచి న్యూయార్క్ వైపు వచ్చే తర్వాతి స్టేషన్ న్యూ బ్రన్స్‌విక్‌లోని జెర్సీ అవెన్యూ.