కంచర్లవారి ఇంటిపేరు

మా నేలకొండపల్లికి యాత్రార్థమై వచ్చువారు భక్త రామదాసుగారి జన్మస్థలమెక్కడ అని అడుగుదురే కాని, కంచర్ల గోపన్నగారి ఊరిదేనా అని అడుగువారు అరుదు. లోకము భక్తితో పెట్టుకొన్న పేరు తండ్రితాతల నాటి ఇంటిపేరును మఱుగుపఱచినది. ఈ యూరివాడనగుటచే ఆ ఇంటిపేరును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని నాకు చిరకాలముగా కోరిక.

గోపన్న 17వ శతాబ్దివాడనియు, లింగన్న కామాంబల కుమారుడనియు, తానీషా ప్రభుత్వమున పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా ఉండి భద్రాద్రి రామునకు ఆలయము కట్టించెననియు ఎల్లవారు ఎఱిగినదే. దాశరథీ శతకమున ఒక పద్యమందు ఆయన తన తండ్రి పేరును, అత్రి గోత్రమును, శాఖను, కంచెర్ల వంశమును తానే చెప్పుకొనెనన్న విషయమును మాత్రము మనము తగినంతగా పట్టించుకొనలేదు. ఆయన జీవితమును గూర్చిన కథలు పెక్కింటికి జనశ్రుతియే ఆధారము కాగా, ఇంటిపేరునకు ఆయన పద్యమే సాక్ష్యము. చేవ్రాలుతో సమానమైన సాక్ష్యము.

కంచెర్ల అనియు కంచర్ల అనియు రెండు విధముల వ్రాయుచున్నారు. 'చె' అన్నను 'చ' అన్నను తరువాతి సంయుక్తాక్షరమువలన అది గురువే యగును గనుక గణములు రెంటికిని అడ్డు చెప్పవు. ఊరి పేరు ఇంటిపేరగునపుడు ఊరు ఊరియై, పాడు పాటియై మాఱుట మన భాషాధర్మము: వేటూరివారు, గొఱ్ఱెపాటివారు అట్లు ఏర్పడినవారే. మాచర్ల, చేజర్ల వంటి పేళ్ళకు మాఱవలసిన పని లేదు. కంచర్ల ఆ కోవలోనిదే. ఆ పేరుగల ఊరినుండి తరలివచ్చినవారికి అది ఇంటిపేరైనదని నా అభిప్రాయము.

అందుచేతనే ఈ ఇంటిపేరు ఒక్క కులమునకు కట్టుబడలేదు. బ్రాహ్మణులలో ఉన్నది, రెడ్లలో ఉన్నది, కమ్మవారిలో ఉన్నది. పెండ్లిమాటల వేళ కంచర్లవారమని ఒకరనగానే, "అయితే రామదాసుగారి వంశమా?" అని కుఱ్ఱవారు ఉబ్బిపోవుదురు. అరుగుమీది పెద్దాయన మాత్రము తొందరపడడు, "గోత్రమేమి బాబూ?" అని అడిగి, ప్రవర విని, అప్పుడు గాని తల యూపడు. ఒకే ఊరినుండి వచ్చినంతమాత్రమున ఒకే రక్తము కాదని ఆయనకు తెలియును.

గోపన్న కాలముననే బందరులో వర్తకము చేసిన వలందుల (డచ్చివారి) దేశమునను ఇట్టిదే సంప్రదాయము కలదు. వారిలో 'వాన్ డైక్' అనగా గట్టు దగ్గఱివాడు. 'ద వ్రీస్' అనగా ఫ్రీస్‌లాండు సీమవాడు. అచ్చట ఇంటిపేరు లేనివారందఱును ఒకటి పెట్టుకొని దాఖలు చేయించుకొనవలెనని 1811లో నెపోలియను శాసించెను. మనవారు ఏ ప్రభువు ఆజ్ఞయు లేకయే వందల యేండ్లుగా ఊరి పేరును మోసికొని తిరిగిరి.

అట్టి పేరును నేడు 'కె.' అను ఒక్క పొడియక్షరముగా కుదించి దస్తావేజులలో వ్రాయుచున్నాము. ఆ అక్షరము కంచర్లయో, కొండపల్లియో, కోటయో మనుమలకెట్లు తెలియును? మా యూరివారికి నా మనవి యిది: పిల్లవానిని బడిలో చేర్చునపుడు ఇంటిపేరును పూర్తిగా వ్రాయించుడు, ఇంట నొక పుస్తకమున గోత్రమును, మీ పెద్దలు బయలుదేఱి వచ్చిన ఊరి పేరును వ్రాసి యుంచుడు.