చేత్తో ఒక్కొక్క తూటా

తెలుగు పత్రిక చదివే అలవాటున్న వాళ్ళకి ఎస్ఎల్ఆర్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, కొత్త కాదు. ఎదురుకాల్పుల వార్త చివరి పేరాలో, త్రీ నాట్ త్రీకీ నాటు బర్మారుకీ నడుమ, ఆ పేరు ఏళ్ళ తరబడి అచ్చవుతూనే ఉంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండు వెళుతుంది, ఖాళీ తొడుగు బయటపడుతుంది, కొత్త తూటా దానంతట అదే లోపలికి చేరుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే. నొక్కిపట్టి ఉంచితే ధారగా కురిసేది వేరే జాతి. ఈ పద్ధతిలోనే, కేవలం గురి కోసం తయారైన స్పోర్టింగ్ రైఫిళ్ళున్నాయనీ, కొన్ని దేశాల్లో జనం సెలవు రోజున వాటిని రేంజికి పట్టుకెళ్ళి కాగితానికి చిల్లులు పెట్టి వస్తారనీ చెబితే మనవాళ్ళకి వింతగానే ఉంటుంది.

సూరత్ మరమగ్గాల మధ్య పెరిగిన పద్మశాలీ కుర్రాడు ఒకడికి షూటింగ్ మీద మనసు పడిందనుకుందాం. ఎయిర్ రైఫిల్ పట్టవచ్చు. పాయింట్ టూటూ (.22) రైఫిల్ పట్టవచ్చు. కొన్నాళ్ళకు, నియమాలు కుదిరితే, పాయింట్ టూటూ సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కూడా పట్టవచ్చు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మాత్రం అతని దాకా రాదు. హైదరాబాద్ కుర్రాడికీ అంతే. చేతిలో ఇమిడే పిస్టల్‌కి దొరికిన వెసులుబాటు భుజానికి ఆనించే రైఫిల్‌కి ఎందుకు దొరకలేదు అన్న ప్రశ్నకు జవాబు ఒకచోట లేదు. కొంత తుపాకుల చరిత్రలో ఉంది, కొంత మన ప్రభుత్వాల భయంలో ఉంది.

గురి కాల్చడం పెద్దమనుషుల క్రీడగా కుదురుకున్నది ఇంగ్లండులో. అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1859లో పుట్టింది. మరుసటి ఏడు వింబుల్డన్ మైదానంలో జరిగిన తొలి పోటీకి మొదటి తూటా విక్టోరియా రాణి కాల్చింది. కాల్చిందంటే, విట్‌వర్త్ రైఫిల్‌ని ముందే ఇనుప చట్రంలో బిగించి, నాలుగు వందల గజాల అవతలి గురికి సరిచేసి పెట్టారు. రాణిగారు పట్టుతాడు లాగారు. తూటా నడిమధ్యకు దగ్గరలోనే తగిలింది. తగలకపోతేనే ఆశ్చర్యం. పోటీలు 1890లో బిస్లీకి మారాయి. బోయర్ యుద్ధంలో రైతుల గురి ముందు సైన్యం తడబడ్డాక, పనివాళ్ళకి కూడా తుపాకి నేర్పాలన్న ఆరాటంతో 1901లో అక్కడ వర్కింగ్ మెన్స్ రైఫిల్ క్లబ్బుల సంఘం వెలిసింది. ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ, చిన్న చోటు చాలు కాబట్టి వాళ్ళు ఎంచుకున్నది పాయింట్ టూటూ. ఆ తూటాలో ఇవాళ్టికీ నడుస్తున్న లాంగ్ రైఫిల్ రకం 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ తెచ్చింది.

మన దగ్గర అదే కాలంలో నడిచిన కథ దీనికి తలకిందులు. పోర్చుగీసు ఓడల దాడులను తట్టుకోవడానికి 1540లలో ఖుదావంద్ ఖాన్ చేత కోట కట్టించుకున్న సూరత్‌కి ఫిరంగి మందు వాసన కొత్త కాదు. 1613లో ఇంగ్లీషు కంపెనీ అక్కడే తన గిడ్డంగి పెట్టింది. హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగులు పోత పోయించిన చోటే నేటి గన్‌ఫౌండ్రీ. అంత తుపాకి సంస్కారం ఉన్న దేశం మీద 1878లో వైస్రాయ్ లిట్టన్ ఆయుధ చట్టం పడింది. ఐరోపావాళ్ళకి మినహాయింపు, మనవాళ్ళకి లైసెన్సు. రేంజులు లేవని కాదు, ఉన్నాయి. సూరత్ మీదుగా రైలు నడిపిన బి.బి. అండ్ సి.ఐ. కంపెనీకి సొంత వాలంటీర్ రైఫిల్ దళమే ఉండేది. గురి నేర్చుకున్నది దాని ఐరోపా, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు. మిగతా దేశానికి తుపాకి ఉండే చోటు పోలీసు స్టేషను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీదికే ఎందుకు వెళ్ళాడో వేరే చెప్పాలా?

పాలకుల భయం తుపాకి కొలతల్లో కూడా దిగింది. సైన్యం వాడే .303 తూటా జనం రైఫిల్లో పట్టకూడదు. అందుకే మనదేశంలో సామాన్యుడికి లైసెన్సు మీద దొరికే రైఫిల్ .315 అయింది. మన ఆయుధ కర్మాగారాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా దాన్నే ‘స్పోర్టింగ్ రైఫిల్’ పేరుతో అమ్ముతూ వచ్చాయి. నిజానికి అది వేటగాడి, తోట కాపలాదారుడి తుపాకి. బోల్ట్ లాగాలి, తొయ్యాలి, కాల్చాలి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేట ముగిశాక దానికి మిగిలింది గోడకు వేలాడటం, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించబడటం.

ఇంతలో పడమట యంత్రం మారిపోయింది. ఆస్ట్రియా ఇంజనీరు మాన్లిఖర్ 1885లోనే తనంతట తాను నిండే రైఫిల్ తయారుచేసి చూశాడు. నల్ల తుపాకిమందు మసికి అది అడుగడుగునా పట్టేసేది. పొగలేని మందు వచ్చాక దారి తెరుచుకుంది. 1903లో వించెస్టర్ కంపెనీ పాయింట్ టూటూలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ని అంగట్లో పెట్టింది. 1914లో బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ బ్రౌనింగ్ గీసిన చిన్న రైఫిల్ని తెచ్చింది. 1964లో వచ్చిన రూగర్ 10/22, పది తూటాల గుండ్రటి మ్యాగజైన్‌తో, అరవై ఏళ్ళు దాటినా తయారవుతూనే ఉంది. ఆ చిన్న తూటాకి పెద్ద మరలేమీ అక్కర్లేదు. పేలుడు వెనక్కి తన్నే బలానికి బరువైన బోల్ట్ దానంతట అదే జరుగుతుంది, స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకు తోస్తుంది.

పెద్ద తూటాల్లో ఈ క్రీడకు ఊపిరిపోసింది అమెరికా సైన్యం 1936లో తీసుకున్న ఎం1 గారండ్. ఒహాయోలో క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. సైనిక రైఫిళ్ళే అక్కడి క్రీడా రైఫిళ్ళు. వేగపు పోటీలో రెండు వందల గజాల దగ్గర నిమిషంలో పది షాట్లు కాల్చాలి. గారండ్ క్లిప్‌లో పట్టేది ఎనిమిది. అందుకని ముందు రెండు కాల్చి, తరువాత ఎనిమిది నింపి కాల్చేవాళ్ళు. ఎం1, దాని తర్వాత ఎం14 రాజ్యమేలాక, 1990ల మధ్యలో యూజీన్ స్టోనర్ గీసిన ఏఆర్-15 వాటిని పక్కకు నెట్టింది. చిన్న తూటా, తక్కువ తన్ను, ముందు పట్టుకు ఎక్కడా తగలకుండా విడిగా నిలిచే బరువైన బ్యారెల్: కాగితం మీద గుంపు దగ్గరకు రావడానికి ఇవే కారణాలు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అదే ఏఆర్-15తో ఆరు వందల గజాల నిదానపు పోటీకి కూచున్న షూటర్ మ్యాగజైన్ నింపడు. అంత దూరానికి వాడే ఎనభై గ్రెయిన్ల పొడుగు గుండు మ్యాగజైన్‌లో పట్టదు. ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి కాలుస్తాడు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ని అత్యంత నిశితంగా వాడే చోట దాని సెమీ ఆటోమేటిక్ గుణం అక్కరకు రాదన్నమాట.

అలాంటి రైఫిల్ని రేంజి కోసం తూచాలంటే ఏం చూడాలి? కంపెనీలు ప్రకటనల్లో చూపే మూడు చిల్లుల కాగితాన్ని నమ్మనక్కర్లేదు. అయిదేసి షాట్ల గుంపులు వరసగా కొన్ని వేసి, అన్నిటి సగటు చూడాలి. షూటర్ల కొలత ‘మినిట్’: వంద గజాల దగ్గర అంగుళానికి కొంచెం పైన. మంచి మ్యాచ్ రైఫిల్ అందులో సగానికి దిగుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో ప్రత్యేకంగా గమనించాల్సింది మొదటి షాట్. చేత్తో బోల్ట్ వదిలి ఎక్కించిన తూటా, యంత్రం తనే ఎక్కించిన మిగతా నాలుగూ ఒకే తీరున కూచోవు కాబట్టి మొదటి చిల్లు తరచుగా గుంపుకి దూరంగా పడుతుంది. తర్వాత తూటా కూచునే గది. పాయింట్ టూటూ గుండు మెత్తటి సీసం, పైన మైనం పూత. పోటీ రైఫిల్లో గది ఎంత బిగువుగా ఉంటే గుండు అంత నిటారుగా బ్యారెల్లోకి దిగుతుంది. తనంతట తాను నిండి, తనంతట తాను తొడుగు ఊడ్చుకోవాల్సిన తుపాకిలో మాత్రం గదికి కాస్త వదులు తప్పదు. ఆ వదులే గురిలో కొంత తినేస్తుంది. ఇక ట్రిగ్గర్. నొక్కుడు తేలిగ్గా ఉండటం కంటే, ప్రతిసారీ ఒకేచోట తెగడం ముఖ్యం. ఎన్‌సీసీలో పాయింట్ టూటూ డీలక్స్ రైఫిల్‌తో నేలమీద పడుకుని అయిదు తూటాలు కాల్చిన వాళ్ళెవరికైనా ఇందులో సగం తెలుసు. అక్కడ ఉస్తాద్ మెచ్చుకునేది నడిమధ్య తగిలినవాణ్ణి కాదు, అయిదూ ఒకేచోట వేసినవాణ్ణి.

ఇవన్నీ కలిపి చూస్తే, నిలకడే సర్వస్వమైన పోటీలో చేత్తో నింపే రైఫిల్‌దే పైచేయి. జర్మనీ ఆన్‌షుట్జ్ లాంటి వాళ్ళు ఆ పనితనాన్నే పరాకాష్ఠకు తీసుకెళ్ళారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం కూడా అదే: ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో ఒక్కొక్క తూటా చేత్తో పెట్టాల్సిందే. పిస్టల్‌లో లెక్క వేరు. ఇరవై అయిదు మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో అయిదు గురులకు అయిదు షాట్లు; గడువు మొదట ఎనిమిది సెకన్లు, తర్వాత ఆరు, చివరికి నాలుగు. అక్కడ చేత్తో నింపే మాటే లేదు. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోగొట్టుకున్న హంగరీ సైనికుడు కారోలీ తకాచ్ ఎడమచేత్తో నేర్చుకుని 1948లోనూ, 1952లోనూ స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే.

మన చట్టం చేరిన చోటు కూడా విచిత్రంగా ఇదే. 1962 చైనా యుద్ధంలో మన జవాన్ల చేతిలో ఉన్నది బోల్ట్ లాగే .303, అవతలి వాళ్ళ దగ్గర సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు. ఆ దశాబ్దంలోనే ఇషాపూర్ ఫ్యాక్టరీ నుంచి 7.62 ఎస్ఎల్ఆర్ వచ్చింది, తర్వాత పోలీసులకూ చేరింది. ఆపైన మన పత్రికల్లోకి ఎక్కిన సంగతి పైన చెప్పుకున్నాం. జనం విషయంలో మాత్రం తలుపు మూసే ఉంది. 1959 ఆయుధ చట్టం నిషిద్ధ ఆయుధం అంటే, ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ కాలుతూ పోయేది అని నిర్వచించింది. సెమీ ఆటోమేటిక్ ఆ నిర్వచనంలో పడదు. అయినా 1962 నిబంధనల పట్టిక, దాని స్థానంలో వచ్చిన 2016 పట్టిక, సెమీ ఆటోమేటిక్ ఆయుధాల్ని నిషిద్ధాల పక్కనే మొదటి వర్గంలో కూచోబెట్టి, పిస్టళ్ళను వేరుచేసి మూడో వర్గంలో పెట్టాయి. ఒలింపిక్ నియమానికి కారణం గురి; ఈ పట్టికకు కారణం శాంతిభద్రతలు. రెండూ ఒకే గీత గీశాయి.

మనదే విడ్డూరం అనుకోనక్కర్లేదు. హంగర్‌ఫర్డ్ కాల్పుల తర్వాత 1988లో బ్రిటన్ పెద్ద తూటాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను నిషేధించి, పాయింట్ టూటూని వదిలేసింది. ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్ తర్వాత, న్యూజీలాండ్ 2019లో క్రైస్ట్‌చర్చ్ తర్వాత బిగించాయి. స్విట్జర్లాండ్‌లో మాత్రం పౌరులు తమ సైనిక రైఫిల్‌తోనే ఫెల్డ్‌షీసెన్ అనే మూడు వందల మీటర్ల షూటింగ్ పండగలో ఏటా పద్ధెనిమిది షాట్లు కాలుస్తారు, పక్కన సాసేజీలు కాలుతుంటాయి. బ్రిటన్ గీసిన గీత నాకు సబబుగా తోస్తుంది. పాయింట్ టూటూ పిస్టల్‌ని క్లబ్బు ఆయుధాగారంలో భద్రంగా ఉంచగలిగిన దేశం, అదే తూటా కాల్చే రైఫిల్ని కూడా అదే బీరువాలో ఉంచగలదు. చొక్కా కింద దాచడానికి రైఫిల్ కంటే పిస్టలే వీలని ఎవరైనా ఒప్పుకుంటారు. పెద్ద తూటాల సంగతి వేరు, వాటికోసం వాదించను.

మన క్రీడ మాత్రం ఈ గీతకు లోబడే ఎదిగింది. 1951లో భారత నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ని స్థాపించింది గుజరాత్ నాయకుడు, తొలి లోక్‌సభ స్పీకరు గణేశ్ వాసుదేవ్ మావలంకర్. ఇవాళ్టికీ జాతీయ పోటీలకు వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు ఆయన పేరున్న మావలంకర్ పోటీల్లో అర్హత తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది ఒక్కొక్క పెల్లెట్ చేత్తో పెట్టే. అదే క్రీడల్లో విజయ్ కుమార్ రజతం తెచ్చింది ర్యాపిడ్ ఫైర్‌లో, సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తో. గచ్చిబౌలి రేంజిలో మొదలుపెట్టిన ఈషా సింగ్ పదమూడో ఏట 2018లో జాతీయ పిస్టల్ చాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇరవై అయిదు మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం, విడిగా రజతం తెచ్చింది. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ మామూలు లైసెన్సుదారుకి తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గించినప్పుడు క్రీడాకారులకు మినహాయింపు దక్కడంలో ఇలాంటి పతకాల బరువు ఉంది. అయినా పట్టికలో మొదటి వర్గం కదల్లేదు.

2024 పారిస్ క్రీడల షూటింగ్ షాతోరూ రేంజిలో జరిగింది. ఆగస్టు 1న స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల త్రీ పొజిషన్స్ ఫైనల్లో తూటా తర్వాత తూటా చేత్తో పెట్టి 451.4 పాయింట్లతో కాంస్యం అందుకున్నాడు. మరునాడు అదే ఆవరణలో ఈషా సింగ్, తనంతట తాను నిండే పిస్టల్‌తో, 581 పాయింట్లు చేసి ఫైనల్‌కి దూరంగా పద్ధెనిమిదో స్థానంలో ఆగింది.